వాన వస్తే ఎక్కడ కూర్చోవాలి?

హైదరాబాదు చూడవచ్చినవారు వాన పట్టుకుంటే ఏం చేయాలి అన్న ప్రశ్నకు పర్యాటక రచయితలందరూ ఏళ్ల తరబడి ఒకే జాబితాను అప్పజెబుతున్నారు. సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా ప్లానెటేరియం, ఫలానా మాలు, మల్టీప్లెక్సు, ఇరానీ చాయ్, ఆపైన బిర్యానీ. సాలార్‌జంగ్ మీద నాకు పగ లేదు. (శుక్రవారం సెలవన్న ముక్క చాలామంది వ్రాయరన్న చిరాకు మాత్రం ఉంది.) నా తగవు జాబితాలోని స్థలాలతో కాదు. అది ఎవరిని మనసులో పెట్టుకొని తయారైందో, ఆ అతిథితో.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నుంచి ఈ నగరానికి వచ్చేవారిని తలుచుకోండి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోనో, కాచిగూడలోనో దిగుతారు. ఉస్మానియాలో పడుకున్న బంధువుకు సద్ది తెచ్చేవారు, నిలోఫర్‌లో బిడ్డను చూపించేవారు, కోర్టు వాయిదాకు వచ్చేవారు, గ్రూప్స్ పరీక్ష వ్రాసేవారు. ఇక అడ్డా మీద నిలబడేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు ఊరికే రాలేదు కదా. నాగార్జునసాగరం నుంచి నగరంలోని మేడల దాకా ఆ చేతులు తగలని కట్టడాలు ఎన్ని? వాన కురిస్తే వీరికి కాలక్షేపం సమస్య కాదు, ఆనాటి కూలి సమస్య. తాము ఇటుకలు మోసిన మాలులోకే వెళ్లి తల దాచుకోమని మన జాబితా వీరికి సలహా ఇస్తుందా? ఇవ్వదు. వీరు దాని దృష్టిలో అతిథులే కారు.

2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి బస్ స్టేషన్‌లోకే వచ్చింది. లోపల చిక్కుకున్న ప్రయాణికులను తాళ్లు పట్టి బయటికి తెచ్చారు. మరునాడు మహబూబ్‌నగర్, కర్నూలు వైపు బస్సులను ఆరాంఘర్ నుంచి నడిపారు. వానరోజు నగరానికి వచ్చినవారి కథ అంటే నాకు ముందుగా ఇది గుర్తుకొస్తుంది, వేడి సమోసా కాదు.

అసలు వానను చెడిపోయిన దినంగా లెక్కించడమే నగరపు బుద్ధి. పాలమూరులో వానే ఒక దర్శనం. జూరాల గేట్లు ఎత్తారంటే జనం తండోపతండాలుగా కదులుతారు, ఆ నీళ్లు ఎగువన కర్ణాటకలో కురిసిన వాన పుణ్యమని తెలిసినా సరే. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి చెంత రంగసముద్రం ఎంత నిండిందో, నాగర్‌కర్నూలు కేసరిసముద్రానికి నీళ్లు వచ్చాయో లేదో వెళ్లి చూసి వస్తారు. చెరువుకు ‘సముద్రం’ అని పేరు పెట్టుకున్న నేల అది. అంత దాహం ఉంటే తప్ప అంత పెద్ద పేరు తట్టదు.

ఆ నేలవాళ్లే ఒకప్పుడు ఈ నగరంలో పరాయివాడి నెత్తిన కప్పు గురించి ఆలోచించారు. వనపర్తి సంస్థానపు రాయణిపేటవారైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి, 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలు, పల్లెల విద్యార్థుల కోసం 1918లో వెలసిన రెడ్డి హాస్టలుకు అండగా నిలిచారు. పేరు ఒక కులానిదే, అది దాచేది కాదు. గద్వాల సీమలోని ఇటికాలపాడు నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఆ వసతిగృహ నిర్వహణ చూశారు, అందులో గ్రంథాలయం పెంచారు. కప్పు ఒక్కటే చాలదని, దాని కింద పుస్తకం ఉండాలని ఎరిగిన మనిషి.

కప్పు, పుస్తకం, రెండూ ఉన్న చోట్లు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. 1891లో ఆసఫియా పేర మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ఉంది. బస్ స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. 1901 సెప్టెంబరు 1న పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజారులో ఉంది. నేను చూసిన వానరోజు జాబితాల్లో ఒక్కదానిలోనూ ఈ పేర్లు లేవు. టిక్కెట్టు లేనిచోటు మనకు చూడదగ్గ చోటులా కనిపించదేమో!

గ్రంథాలయం విహారస్థలమా అని నవ్వేవారు ఉంటారు. నవ్వండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూశాక నవ్వండి. లోపల చోటు చాలక ఆవరణలో చెట్ల కింద కూర్చొని పోటీపరీక్షలకు చదివే పిల్లల్లో పాలమూరు పిల్లలు తక్కువేమీ కాదు. చినుకు పడితే ఆ చెట్టు కింద చోటు కూడా పోతుంది. వానరోజు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న వారు అడిగితే ప్రశ్నలా వినిపిస్తుంది. కిటికీ పక్కన కాఫీ కప్పుతో మనం అడిగితే అది ముచ్చట.

కొత్త భవనాలు కట్టే సంగతి ప్రభుత్వాలు తేల్చుకోనీ. దానికి కమిటీలు, శంకుస్థాపనలు, శిలాఫలకాలు కావాలి. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి ఏ దారిన వెళ్లాలో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో, లోపలికి రావడానికి ఎవరికీ అడ్డు లేదో, ఇంత మాత్రం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్సులు ఆగే ప్లాట్‌ఫారాల దగ్గర తెలుగులో ఒక బోర్డు వ్రాయించి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?