కారు నుదుట రెండు గీతలు

విస్సన్నపేట నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం జవాబు కోరుతున్నది. ఉత్తరం పొడుగైనదే గాని, సారాంశం ఇది:

"మాకు కొద్దిపాటి మామిడితోట వుంది. రెండేళ్ళ క్రితం మావారు ఒక ఎర్రకారు కొన్నారు. ఒకరి చేయి మారినదే అయినా బాగా నడుస్తుంది. మా పెద్దవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ కారుకు ముందునుంచి వెనకదాకా, నడిమధ్యగా రెండు తెల్లగీతలు వేయిస్తానని ఒకటే పట్టు. అవి పరుగుపందెపు కార్ల గుర్తులట. గీతలు పడితే మన కారు కూడా స్పోర్ట్సుకారు లాగా వుంటుందట! మావారు, 'లోపల కూర్చున్నవాడికి కనపడని సింగారం మనకెందుకురా?' అంటారు. పదో తరగతి చదివే చిన్నవాడు అన్నను బలపరుస్తున్నాడు. వాడికి కూడా చక్రం పట్టుకోవాలని ఆశ. నాకు గీతల మీద కోపం లేదు. గీతలతో పాటు వేగం కూడా పెరుగుతుందేమోనని భయం. నూజివీడు రోడ్డు మీద వాడు ఎలా నడుపుతాడో నేను పక్కన కూర్చుని చూసినదాన్ని. అసలీ గీతలు ఎక్కడ పుట్టాయి? వాటికి అర్థమేమైనా వుందా? వేయించవచ్చునా, కూడదా?"

ముందుగా పుట్టుక సంగతి చెప్పుకుందాం. అది తెలిస్తే తక్కిన రెండు ప్రశ్నలకూ సగం జవాబు దొరుకుతుంది.

అంచు చూసి ఇది గద్వాలు, ఇది వెంకటగిరి అని మీరు దూరం నుంచే చీరను పోల్చుకుంటారు గదా! పందెపు కార్ల రంగులు కూడా మొదట అలా పోల్చుకోవడానికే వచ్చాయి. ఈ పద్ధతి కార్లకంటె పాతది. 1762లోనే ఇంగ్లండులోని న్యూమార్కెట్టులో గుర్రాల యజమానులు తమ తమ జాకీల దుస్తులకు తలా ఒక రంగు ఖాయం చేసుకున్నారు. మన హైదరాబాదు మలక్‌పేట మైదానంలో ఈనాటికీ జాకీ చొక్కా రంగును బట్టే ఏ గుర్రం ఎవరిదో చెప్పగలుగుతున్నారు.

కార్ల విషయానికి వస్తే, 1900లో "న్యూయార్క్ హెరాల్డ్" పత్రిక యజమాని జేమ్స్ గోర్డన్ బెన్నెట్ ఒక కప్పు బహూకరించాడు. మనుషుల మధ్యగాక దేశాల మధ్య జరిగే పందెం అది. ఎవరి కారు ఏ దేశానిదో దుమ్ములో కూడా తెలియాలి గనుక దేశానికొక రంగు పెడదామని జ్బొరావ్‌స్కీ అనే ప్రభువు సూచించాడు. ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, బెల్జియానికి పసుపు, అమెరికాకు ఎరుపు వచ్చాయి.

ఇక్కడొక విషాదం చెప్పాలి. 1903 మే నెలలో పారిస్ నుంచి మాడ్రిడ్ దాకా ఒక పెద్ద పందెం పెట్టారు. అది జరిగింది మామూలు రోడ్ల మీదనే. రోడ్డుకు రెండు పక్కలా జనం, మధ్యలో పశువులు, ముందు కారు లేపిన దుమ్ములో వెనక కారు నడిపేవాడికి కళ్ళు కనపడని స్థితి. మొదటిరోజునే పందెగాళ్ళూ, చూడవచ్చినవాళ్ళూ పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెనో కార్ల కంపెనీని స్థాపించిన సోదరులలో ఒకడైన మార్సెల్ రెనో కూడా ఆ పందెంలోనే చనిపోయాడు. బోర్డో నగరం చేరేసరికి ఫ్రెంచి ప్రభుత్వం పందాన్ని ఆపించింది. అంత వేగంగా వచ్చిన కార్లను గుర్రాలచేత స్టేషనుకు లాగించి, రైలెక్కించి వెనక్కు పంపారు.

ఆ తరువాత ఆరు వారాలకే, జూలై 2వ తేదీన, గోర్డన్ బెన్నెట్ పందెం ఐర్లండులో జరిగింది. ఈసారి పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించారు. రోడ్లను మూసివేసి, పొడుగునా పోలీసులను నిలిపారు. ప్రాణనష్టం లేకుండా పందెం ముగిసింది. ఐర్లండు పట్ల మర్యాదగా బ్రిటిష్ కార్లు ఆకుపచ్చ రంగు వేసుకున్నాయనీ, ఇంగ్లీషు పందెపు కార్లకు ఆ రంగు అలా స్థిరపడిందనీ చెబుతారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1907లో, ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో పందేలకోసమే కట్టిన మైదానం వెలిసింది. రంగులూ, మూసిన దారులూ కలిసి పెరిగాయని మీ అబ్బాయికి చెప్పండి.

మరి గీతలు? అమెరికా రంగులు తరువాతి కాలంలో తెలుపూ, నీలమూ అయ్యాయి. పైతొడుగు తెలుపు, అడుగున వుండే ఇనుపచట్రం నీలం. పాతకార్లలో చట్రం బయటికి కనపడేది గనుక రెండు రంగులూ తెలిసేవి. పైతొడుగు చట్రాన్ని పూర్తిగా కప్పేసే నమూనాలు వచ్చాక నీలం కనపడకుండా పోయింది. అందుచేత ఆ నీలాన్నే పైకి తెచ్చి, వీపు మీద రెండు గీతలుగా వేశారని చెబుతారు. దాగిపోయిన రంగుకు గుర్తుగా మిగిలినవన్నమాట ఆ గీతలు.

ఆ గీతలకు పేరు తెచ్చినవాడు బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అనే అమెరికను ధనికుడు. ఫ్రాన్సులో లె మాన్ అనే వూరి దగ్గర ఇరవైనాలుగు గంటలపాటు ఆగకుండా జరిగే పందెం వుంది. అమెరికాలో తయారైన కారుతో అమెరికను డ్రైవర్లే అందులో గెలవాలని ఆయన కోరిక. 1952లో ఆయన కారు నాలుగవ స్థానంలో వచ్చింది. చక్రం ఎక్కువ భాగం ఆయనే పట్టాడు. 1953లో మూడవ స్థానం వచ్చింది. మొదటి స్థానం మాత్రం ఏనాడూ దక్కలేదు. కాని తెల్లకారు మీద నీలిగీతలు జనం కళ్ళలో నిలిచిపోయాయి. ఆయన 1958లో అమెరికా కప్పు పడవ పందెంలో "కొలంబియా" అనే నౌకను గెలిపించి, నీటిమీద ఆ ముచ్చట తీర్చుకున్నాడు.

తరువాతివాడు కారల్ షెల్బీ. ఆయన 1959లో లె మాన్ గెలిచిన డ్రైవరు. ఆయన కంపెనీ 1965లో ఫోర్డు ముస్టాంగును మార్చి "జీ.టీ. 350" అనే కారు అమ్మకానికి పెట్టింది. తెల్లకారు, దాని మీద ముందునుంచి వెనకదాకా రెండు నీలిగీతలు. వాటికి "లె మాన్ గీతలు" అనే పేరు వచ్చింది. ఫ్రాన్సులో 1964లోనే రెనో గోర్డినీ అనే చిన్న నీలికారు తెల్లగీతలతో బజారుకు వచ్చింది. అది నలుగురు కూర్చునే కుటుంబపు కారే! కనుక కుటుంబం కారుకు గీతలేమిటని మీవారు తీసివేయడానికి లేదు. 1968లో పందెపు కార్ల మీదికి సిగరెట్టు కంపెనీ రంగులు వచ్చాయి. దేశాల రంగులు క్రమంగా వెనక్కు తగ్గాయి. దేశం గుర్తుగా వచ్చినది అలా వ్యాపారపు గుర్తు అయి, చివరికి ఎవరి ముచ్చట వారిదైపోయింది.

మన దేశానికీ ఈ కథలో చోటున్నది. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు నుంచి వెళ్ళే దారిలో, షోలవరంలో యుద్ధకాలపు విమానాల బాట ఒకటి వుండేది. 1953లో స్థాపించిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు చాలా ఏళ్ళు అక్కడ పందేలు జరిపించింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన పందెపుబాట తయారయింది. కోయంబత్తూరు వైపు తరతరాలుగా ఇంట తెలుగు మాట్లాడుకునే నాయుళ్ళ కుటుంబాలు వున్నాయి గదా! అక్కడి లక్ష్మీమిల్లు కుటుంబానికి చెందిన కరివర్ధన్ మారుతీ 800 ఇంజనుతో "ఫార్ములా మారుతీ" అనే చిన్న పందెపు కారు తయారు చేశాడు. పెద్ద ఖర్చు పెట్టలేని కుర్రవాళ్ళకు అది వరమయింది. 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఆ మెట్టు ఎక్కినవాడే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు దగ్గరి పందెపుబాటకు ఆయన పేరే పెట్టారు.

2008 నుంచి 2018 దాకా నడిచిన ఫోర్స్ ఇండియా జట్టు, తెల్లకారు మీద నారింజ, ఆకుపచ్చ రంగులు వేసుకుని కొన్నేళ్ళు లోకమంతా తిరిగింది. ఇక 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డునే విద్యుత్తుతో నడిచే కార్ల పందెం జరిగింది. ఫ్రెంచివాడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ పందెంకోసం సచివాలయం పక్క రోడ్లను మూసి, గోడలు కట్టి, ఇనుపవలలు బిగించారు. రోజూ బస్సులు తిరిగే రోడ్డే. పందెం వేళ దాని మీద ఒక్క పాదచారి లేడు.

ఇక రెండవ ప్రశ్న, అర్థమేమిటని. గీతకు ఒకప్పుడు అర్థం వుండేది. ఈనాడు అందమే మిగిలింది. గీతవల్ల కారు గంటకు ఒక్క గజమైనా ఎక్కువ పోదు.

మూడవది, వేయించవచ్చునా? నిక్షేపంగా వేయించవచ్చును. అయితే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

రంగు వేయించడం కంటె అంటించే వినైలు గీతలే మేలు, వద్దనుకున్ననాడు తీసేయవచ్చు. మోటారుసైకిళ్ళకు, ఆటోలకు రేడియం స్టిక్కర్లు వేసే దుకాణంవారు పేర్లు బాగా కత్తిరిస్తారు గాని, బానెట్టు మీద పొడుగుగీత వేయడం వేరే పని. అలవాటున్నవారిచేతనే చేయించండి. ముందురోజు కారు కడిగించి, మైనం మెరుగు వుంటే పూర్తిగా తుడిపించాలి. నడిమధ్య ఎక్కడో కంటితో అంచనా కట్టగూడదు. రెండు పక్కలనుంచీ టేపుతో కొలిచి, దారం లాగి గుర్తు పెట్టాలి. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టే; మొదటి చుక్క తప్పితే ముగ్గంతా వంకర. సబ్బునీళ్ళు చల్లి అంటిస్తే కొంచెంసేపు అటూ ఇటూ జరపడానికి వీలుంటుంది. మన వేసవిలో మధ్యాహ్నం అసలు మొదలుపెట్టవద్దు. కాలిన రేకు మీద జిగురు తాకగానే పట్టేస్తుంది, బుడగలు మిగులుతాయి. ఉదయం పూట, నీడన చేయించాలి. బ్లేడుతో కారు మీదనే కోయనీయకండి. రంగు తెగి, ఆ గీటునుంచి తుప్పు మొదలవుతుంది. ఇంకొకటి: ఎర్రరంగు ఎండకు వెలుస్తుంది. నాలుగేళ్ళ తరువాత గీతలు తీస్తే, వాటి అడుగున వున్నచోట ముదురు ఎరుపు చారలు కనపడతాయి. అమ్మదలచుకున్న కారైతే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

నంబరుపలకల మీద, దీపాల మీద గీత పోకూడదు. ఆర్.సి.లో కారు రంగు వ్రాసి వుంటుంది. ఎరుపు ఎరుపుగానే కనపడేటట్టు సన్నగా గీతలు వేస్తే సాధారణంగా చిక్కు రాదు. కారు రంగే మార్చివేస్తే మాత్రం రవాణాశాఖవారికి తెలిపి నమోదు చేయించాలి. సందేహముంటే ముందే అడగడం మంచిది.

ఇప్పుడు మీ భయం సంగతి. సోదరీ, అది గీతలకు సంబంధించినది కాదని మీకూ తెలుసు. 1955 జూన్ 11న అదే లె మాన్ పందెంలో ఒక కారు జనంలోకి ఎగిరిపడి, నడిపేవాడితోపాటు ఎనభైమందికి పైగా చనిపోయారు. మూసిన దారిలో, ఆరితేరిన డ్రైవరు చేతిలోనే అంత ఘోరం జరిగింది. మరి మామిడికాయల కాలంలో ట్రాక్టర్లూ, లారీలూ, పొలాలనుంచి ఇళ్ళకు మళ్ళే గేదెలూ, దీపం లేని సైకిళ్ళూ తిరిగే మన రోడ్డు మీద వేగానికి తావెక్కడ? రోడ్ల మీద అనుమతి లేకుండా పందెం వేస్తే మూడు నెలల దాకా జైలో, ఐదువేల దాకా జరిమానావో, లేక రెండూనో పడవచ్చునని చట్టం. చిన్నవాడి ఆశకు మాత్రం ఇప్పుడే కళ్ళెం వేయండి. మైనరు చేతికి కారు ఇస్తే శిక్ష తల్లిదండ్రులకు, కారు యజమానికి పడుతుంది. మూడేళ్ళ దాకా జైలు, ఇరవై ఐదువేల జరిమానా. కారు రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు.

పెద్దవాణ్ణి మందలించే ముందు వాడికొక గౌరవం ఇవ్వండి. గీతల ఖర్చు వాడి చేతికిచ్చి, కొలతలు వాణ్ణే వేయమనండి. ఇంజనీరింగు చదువుతున్నవాడు, సంతోషంగా చేస్తాడు. స్వయంగా కొలిచి వేసుకున్న కారును ఎక్కడైనా గుద్దుకోవడానికి మనసొప్పదు. వేగం మీద నిజమైన మోజే వుంటే, సెలవులలో ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరులోనో శిక్షణ ఇచ్చేచోటుకు పంపండి. అక్కడ తలకు హెల్మెట్టు వుంటుంది, పక్కన డాక్టరు వుంటాడు, ఎదురుగా గేదె రాదు. ఒక్కరోజు అక్కడ నడిపివస్తే, మన రోడ్డు మీద ఎందుకు నెమ్మదిగా నడపాలో వాడే మీకు చెబుతాడు.

మీరు మాత్రం పక్కసీటు వదలకండి. అబ్బాయి కాలు బరువెక్కినప్పుడు భయంతో కళ్ళు మూసుకుని వూరుకోక, "ఆపరా నాయనా, నేను దిగిపోతాను" అనండి. తల్లి నిజంగా దిగి రోడ్డు పక్కన నిలబడితే, ఏ కొడుకూ మళ్ళీ ఆ పని చేయడు.