వేగుచుక్క మీద నిఘా

2025 జనవరిలో ఒక సాయంత్రం కొత్తవలస స్టేషన్లో బండి కోసం కూర్చున్నాం. టీ గ్లాసు పట్టుకున్న కుర్రాడొకడు పడమర వైపు చెయ్యి చూపించాడు.

"మాస్టారూ, అదేటండీ? అరగంట నుంచి సూస్తన్నాను. అటూ ఇటూ కదుల్తంది."

పక్కనున్న పెద్దాయన తేల్చేశాడు. "పైలోకపోళ్లదిరా. నేవీవోలు ఊరుకోరులే, ఎంక్వైరీ సేస్తారు."

కుర్రాణ్ణి గోడకి తల ఆనించి, ఒక కన్ను మూసుకుని, ఆ వెలుగును కరెంటు స్తంభం అంచున పెట్టి చూడమన్నాను. అటూ ఇటూ ఊగడం ఆగిపోయింది. పది నిమిషాలకు మాత్రం కాస్త కిందికి జారింది. పక్క చుక్కలూ అంతే జారాయి. అది శుక్రుడు. చీకట్లో ఒంటరి వెలుగును తదేకంగా చూస్తే అది నిలకడగా ఉన్నా కదులుతున్నట్టే తోస్తుంది.

నన్ను పట్టుకున్నది పెద్దాయన మాట. మా చిన్నప్పుడు పొలంగట్ల మీద వెలుగు కనిపిస్తే కొరివిదయ్యం అనేవారు. నమ్మకపోతే "కరణంగారే చూశారు" అనేవారు. ఇప్పుడు దయ్యానికి ప్రమోషన్ వచ్చి ఎగిరే పళ్లెమైంది, కరణంగారి కుర్చీలో మిలట్రీ కూర్చుంది. సైన్యం విచారించిందంటే అందులో ఏదో ఉన్నట్టేనట! దొంగతనం జరిగిందని ఫిర్యాదొస్తే పోలీసులు వస్తారు. వచ్చినంత మాత్రాన దొంగతనం జరిగినట్టు కాదు కదా.

మన సైన్యమే ఈ చిక్కులో పడింది. లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర, చైనా వైపు ఆకాశంలో రోజూ వెలుగులు కనిపించాయి. సరిహద్దు కాసేవాళ్లకి అనుమానం రావడం సహజం. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు 329 సార్లు చూసినట్టు లెక్క రాశారు. అందులో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి వచ్చాయన్నారు. రాడార్ తెచ్చి పెట్టారు. కంటికి కనిపిస్తున్నది రాడార్‌కి చిక్కలేదు. అయితే లోహంతో చేసింది కాదేమో అనుకున్నారు! కోట్ల కిలోమీటర్ల అవతల ఉందేమో అన్న ఆలోచన తర్వాత వచ్చింది.

చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లను పిలిచారు. వాళ్లు చూడమన్నది ఒక్కటే: ఈ వెలుగులు చుక్కలతో పాటు కదులుతున్నాయా, విడిగానా? సాయంత్రం 6 నుంచి తెల్లవారుజామున 5 దాకా కనిపించేది గురుడు. 4 గంటలకు లేచి పొద్దున్న 11 దాకా ఉండేది శుక్రుడు, మన రైతులు పొలానికి బయల్దేరేటప్పుడు చూసుకునే వేగుచుక్క. అంత ఎత్తులో గాలి పలచన కాబట్టి మరీ మెరిసిపోయాయి. ఆర్నెల్ల పాటు గ్రహాల మీద నిఘా వేశారని నవ్వుకోవచ్చు. నేను నవ్వను. తెలియనిదాన్ని తెలిసినవాళ్లను అడిగారు. మన ఊళ్లలో ఆ పని చేసేవాళ్లెందరు?

అమెరికా వైమానిక దళమూ ఎగిరే పళ్లేల మీద ప్రాజెక్ట్ బ్లూ బుక్ పేరుతో విచారణ నడిపింది. 1969లో దాన్ని మూసేనాటికి 12,618 ఫిర్యాదులు చేరాయి. 701 తేలలేదు. నమ్మేవాళ్లు ఆ 701నే పట్టుకు వేలాడతారు. తేలలేదంటే అదేమిటో తెలియలేదని. అంతే.

మన దగ్గర తేలినదీ ఒకటుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద తెల్లటి గోళంలాంటిది దిగితే జనం విరగబడ్డారు. తీరా చూస్తే అది హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసిన ఒక స్పెయిన్ కంపెనీ ప్రయోగ క్యాప్సూల్. ఆ కేంద్రం ఏటా ప్రకటన ఇస్తూనే ఉంటుంది: పరికరాలు విశాఖ–హైదరాబాద్–షోలాపూర్ గీత పొడుగునా ఎక్కడైనా పడొచ్చు, ముట్టుకోకుండా కబురు చెయ్యండి అని. పెట్టె మీద చిరునామా రాసే ఉంటుంది.