తుపాకీ ధర కాదు, పిల్లల భుజం కొలత ముందు



2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన పురుషుల ట్రాప్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ ముగ్గురిలో కైనన్ చెనాయ్‌ది హైదరాబాద్, పృథ్వీరాజ్ తొండైమాన్‌ది తమిళనాడు. మన పిల్లలూ ఆ ఆట వైపు చూస్తే సంతోషమే. కానీ పిల్లలు అడగ్గానే పెద్దలం "ఏ కంపెనీ, ఎంత?" అని మొదలుపెడతాం. అది చివర అడగాల్సిన ప్రశ్న అని మా అభిప్రాయం.

మొదటిది కొలత. షాట్‌గన్‌కు రైఫిల్‌లా వెనక గురి ఉండదు. తుపాకీ కర్రకు చెంప ఆనించినప్పుడు మన కన్నే వెనక గురి. కర్ర పొడుగైతే ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది. పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు కొట్టుకుంటుంది. కొలతలివ్వకుండా పెళ్లి చొక్కా కుట్టించం కదా! కుడిచేతి వాటం పిల్లలకు ఎడమ కన్ను బలంగా ఉండొచ్చు, అదీ ముందే చూసుకోవాలి.

రెండోది ఆట. ట్రాప్‌లో మట్టి పళ్లెం మనకు దూరంగా పైకి లేస్తూ పోతుంది. దానికి 30, 32 అంగుళాల గొట్టం, బిగువైన మూతి, కాస్త ఎత్తుగా కొట్టే తుపాకీ కావాలి. స్కీట్‌లో పళ్లెం దగ్గర్లోనే అడ్డంగా దూసుకుపోతుంది కాబట్టి 28, 30 అంగుళాల గొట్టం, వెడల్పు మూతి నప్పుతాయి. రెండింటికీ ఎక్కువమంది వాడేది 12 బోరు, ఒకదానిమీద ఒకటి గొట్టాలున్న రకం. తాతగారి జంట గొట్టాల తుపాకీ ఇంట్లో ఉందని దానితో మొదలుపెట్టొద్దు. అది వేటకు చేసింది.

మూడోది బరువు. పిల్లలకు తేలికది మేలనిపిస్తుంది కానీ, తేలిక తుపాకీయే భుజాన్ని గట్టిగా తంతుంది. ట్రాప్ అర్హత పోటీలో 125 పళ్లాలు కొట్టాలి. దెబ్బకు జడిసిన పిల్లలు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసేస్తారు. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

అందుకే మొదటి ఏడాది కొనవద్దంటున్నాం. కోచ్ ఉన్న రేంజ్‌లో, అక్కడిచ్చే తుపాకీతో నేర్పిద్దాం. దాచిన డబ్బు తూటాలకూ శిక్షణకూ పెడదాం. "సొంతది లేకుండా ఎలా ఎదుగుతారు?" అనేవారికి మా జవాబు ఒకటే: సరిపోని సొంతదానికంటే సరిపోయే పరాయిదే నయం. పైగా ఇది క్రికెట్ బ్యాటు కాదు, పిల్లలు మానేస్తే పక్కింటివాళ్లకు ఇచ్చేయడానికి. కొనడానికైనా అమ్మడానికైనా లైసెన్సు చూడాల్సిందే.

అప్పుచేసి తెచ్చి బీరువాలో పెట్టిన తుపాకీ పతకం తేదు. కోచ్ కొలిచి చెప్పాకే కొందాం, పాతదైనా పర్వాలేదు.