దెయ్యాన్ని మించి భయపెట్టే బొమ్మ!

సున్నిపెంటలో టీకొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు దెయ్యాల సినిమాల మీద తెగ వాదించుకుంటున్నారు. మధ్యలో నేను తలదూర్చి, "మరి డాక్యుమెంటరీలు చూడరా?" అన్నాను. "అయ్యెందుకన్నా... నిద్రొస్తాది!" అనేశాడొకడు.

నిద్రపుచ్చేవీ ఉన్నాయి, కాదనను. కానీ తమ్ముళ్లూ, భయపెట్టడం ఒక్క దెయ్యాల సొత్తే కాదు!

1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీశాడు. మనలాంటి మధ్యతరగతి కుటుంబం, ఓ మామూలు ఇల్లు, రేవతి కళ్లు, శబ్దం... అంతే! ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1999లో వచ్చిన అమెరికా చిత్రం 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' ఇంకో అడుగు ముందుకేసింది. మంత్రగత్తె మీద డాక్యుమెంటరీ తీద్దామని ముగ్గురు విద్యార్థులు అడవిలోకి వెళ్లి దారి తప్పుతారు. చివరిదాకా మంత్రగత్తె కనిపించదు. అయినా గుండె దడే! ఎందుకని? ఇది నిజంగా జరిగిందేమోనన్న అనుమానం. అంటే, దెయ్యం సినిమా కూడా డాక్యుమెంటరీ దగ్గర అప్పు చేసిందన్నమాట.

ఆ అప్పిచ్చిన పెద్దమనిషినే మనం పట్టించుకోం. 1984 నాటి హైదరాబాద్ మతకలహాల మీద దీపా ధన్‌రాజ్ 'క్యా హువా ఇస్ షహర్ కో' అని 1986లో ఓ డాక్యుమెంటరీ తీశారు. అందులో కోరల్లేవు, మేకప్పు లేదు. దెయ్యం సినిమా భయం హాల్లోనే ఆగిపోతుంది. ఇలాంటి భయం మాత్రం ఇంటిదాకా వెంట వస్తుంది.

అంతదూరం దేనికి? సున్నిపెంటే శ్రీశైలం డ్యామ్ కోసం వెలసిన ఊరు. ఆ డ్యామ్ నీళ్లకింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. నీళ్లు బాగా తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. వరదొస్తే మళ్లీ మాయం! ఇంతకన్నా గగుర్పొడిచే సీను ఏ గ్రాఫిక్స్‌వాడు తీస్తాడు చెప్పండి?

ఆనాడు ఊరొదిలిన ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఇప్పుడు అరవై దాటాయి. వాళ్లు పోతే ఆ ఊళ్లు రెండోసారి మునిగినట్టే.

ఇదంతా చెబితే ఒకడు గ్లాసు కింద పెట్టి, "మా అవ్వది గూడా మునిగిన ఊరేనన్నా" అన్నాడు.

"ఎప్పుడైనా అడిగినావా ఆమెను?"

"లేదన్నా..."

చేతిలో సెల్‌ఫోన్ ఉంది కదా తమ్ముడూ! దెయ్యం సినిమా తర్వాత తీద్దువుగానీ, ముందు అవ్వ ఎదురుగా కూర్చో!