మెరుపు కాదు, కాపుదల

మన హాస్టల్ మిత్రుల్లో ఎవరైనా బండి ట్యాంకుకు పాలిష్ పడుతూ కనబడితే చాలు, "షోకులకేం తక్కువ లేదు" అనే మాట వెంటనే వినబడుతుంది. ఆ మాట సరికాదని నా అభిప్రాయం. కిస్తులు కట్టి కొనుక్కున్న బండి రంగును కాపాడుకోవడం షోకు కాదు, పొదుపు. అంతకంటే ముఖ్యంగా అదొక విద్య. ఆ విద్య తెలిసినవాళ్ళను మనం చూసే చూపు కూడా మారాలి.

ముందు రంగు సంగతి చూద్దాం. చాలా బండ్లకు ట్యాంకు ఉక్కు రేకుతో చేస్తారు. దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, ఎక్కువ బండ్లకు రంగు మీద అద్దంలాంటి క్లియర్ కోటు ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో ఇంచుమించు పదోవంతే! ఆ కాస్త పొర పోతే ఇనుముకు తుప్పు పట్టడం మొదలవుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును వెలవెలబోయేలా చేస్తాయి. పిట్ట రెట్టలోని ఆమ్లం ఎండకు తోడైతే మచ్చ లోపలికి దిగుతుంది. ఇక అల్మాస్‌గూడ, మీర్‌పేట, కర్మన్‌ఘాట్ వైపు వాడుకకు బోరు నీళ్ళ మీద ఆధారపడిన ఇళ్ళెన్నో. బడిలో చదువుకున్న కఠిన జలం పాఠం గుర్తు చేసుకోండి. బండి కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆవిరై పోతుంది, కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చుక్కలుగా మిగిలిపోతాయి.

ఈ బాధలకు అడ్డుగా వేసే పలుచని పూతే సీలెంటు. పూర్వం నుంచి వాడే కార్నౌబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. సీలెంటు మాత్రం కృత్రిమ పాలిమర్లతో తయారవుతుంది. మైనం కొన్ని వారాలు నిలిస్తే, సీలెంటు కొన్ని నెలలు నిలుస్తుంది. నీళ్ళు పోసినప్పుడు ముత్యాల్లా చుక్కలు కట్టి జారిపోతుంటే పూత ఇంకా ఉన్నట్లు లెక్క. అయితే అది మంత్రం కాదు. ఉన్న గీతలను పోగొట్టదు, రాయి తగిలితే ఆపదు, పట్టిన తుప్పును మాన్పదు. సిరామిక్ కోటింగ్ పేరుతో వేల రూపాయలు అడిగేవారి దగ్గరకు పోయే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

నిజానికి రంగును ఎక్కువగా పాడుచేసేది మన చేతిలోని గుడ్డే. 2020 అక్టోబరు వరదల్లో మీర్‌పేట పరిసర కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన సంగతి మనకు తెలిసిందే. అలాంటి బురద ఎండాక పొడి గుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్లే. కనుక ముందు ఇంజను చల్లారనిచ్చి, బండిని నీడలో పెట్టి, నీళ్ళు పోసి మట్టిని జారనివ్వాలి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో షాంపూ నీళ్ళు, మరొకదానిలో గుడ్డ జాడించే మంచినీళ్ళు. పైనుంచి కిందికి కడగాలి. గిన్నెలు తోమే సబ్బు వద్దు, అది పాత పూతను కూడా ఊడ్చేస్తుంది. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో పూర్తిగా ఆరబెట్టాక సీలెంటును చాలా పలుచగా రాయాలి. సీసా మీద చెప్పినంతసేపు ఆగి, మరో పొడి గుడ్డతో తుడవాలి. ఒక బండికి రెండు మూడు చెంచాలు చాలు. ఒక సీసా కొని పది మంది స్నేహితులు పంచుకోవచ్చు. బ్రేకు డిస్కుకు, టైర్లకు, సీటుకు మాత్రం పొరపాటున కూడా తగలనీయకూడదు. అక్కడ జారితే ప్రాణానికే ముప్పు. మెరుపు లేని మ్యాట్ రంగు బండ్లకు మామూలు సీలెంటు రాయకూడదు, మరకలు పడతాయి.

దసరాకు, కొత్త బండి కొన్నప్పుడు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గర పూజ చేయించుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. పూజను కాదనను. కానీ పూలదండ కట్టిన తీగ ట్యాంకును గీకకుండా చూసుకోండి. పసుపు కుంకుమలను రోజుల తరబడి వదిలేయకుండా నీళ్ళతో కడిగేయండి.

ఇక అసలు మాటకు వస్తాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో పొద్దస్తమానం తడి కాళ్ళతో నిలబడి పనిచేసే కుర్రాళ్ళను చూడండి. వాళ్ళను "కడిగేవాడు" అంటాం. అదే పనిని అద్దాల షోరూములో యూనిఫాం వేసుకుని చేస్తే "డిటైలర్" అంటాం! పని ఒకటే అయినప్పుడు గౌరవం రెండు రకాలుగా ఎందుకుండాలి? కులం పనినే కాదు, పనిచేసే మనుషులనే విడదీసిందని డాక్టర్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకున్న మనమే ఆ తేడా చూపిస్తే ఇక చదివిన చదువుకు అర్థమేమిటి?

పాత విద్యార్థులకు నాదొక మనవి. వార్షికోత్సవానికి బండ్ల మీద వస్తారు, సంతోషం. దుమ్ము పట్టిన బండిని చూపించి, "తమ్మీ, కొంచెం తుడువు" అని చిన్న తరగతి పిల్లవాడి చేతికి గుడ్డ ఇవ్వకండి. వాడు చదువుకోవడానికి వచ్చాడు. నేర్పాలనిపిస్తే మీరూ పక్కన కూర్చుని, ఎందుకు ఏది చేయాలో చెబుతూ నేర్పండి. తమ్ముళ్ళారా, మీరూ నేర్చుకోండి. రేపు ఉద్యోగం వచ్చేదాకా డెలివరీ బండి నడిపినా, సెకండ్ హ్యాండ్ బండి కొన్నా, అమ్మినా ఈ విద్య పనికొస్తుంది. ఎవరిచేతనైనా బండి కడిగిస్తే మాత్రం అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. బండి మీది పూత కొన్ని నెలలే ఉంటుంది. మనిషికిచ్చిన మర్యాద ఎన్నాళ్ళైనా గుర్తుంటుంది.