ఫ్యాక్టరీ పోతుంది.. విషం పోదు!

హైదరాబాద్‌లో ఒకప్పుడు ఊరి చివర ఉన్న పారిశ్రామికవాడలు ఇప్పుడు ఇళ్ల మధ్యకు వచ్చేశాయి. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపించి, ఆ స్థలాల్లో ఇళ్లు, ఆఫీసులు రావాలన్నది ప్రభుత్వ ఆలోచన. పొగ, కంపు వదిలిపోతాయంటే ఎవరికైనా సంతోషమే. కానీ అలాంటి చోట ఫ్లాటు కొనాలనుకుంటే ఒక్కసారి ఆలోచించండి. ఏళ్ల తరబడి నేలలోకి ఇంకిన రసాయనాలు ఏమైనట్టు?

వాటంతట అవి పోవు. భోపాల్‌నే చూడండి. 1984 గ్యాస్ దుర్ఘటన తర్వాత యూనియన్ కార్బైడ్ కర్మాగారం మూతపడింది. అక్కడ నిల్వ ఉన్న 337 టన్నుల వ్యర్థాలు కదలడానికి 2025 జనవరి దాకా పట్టింది. ఆవరణలో పాతిపెట్టినవి ఇంకా మట్టిలోనే ఉన్నాయి. చుట్టుపక్కల బస్తీల్లో భూగర్భజలం కలుషితమైంది. ఇక దశాబ్దాలపాటు రసాయన వ్యర్థాలు మోసిన నక్కవాగు గురించి పటాన్‌చెరు వాసులకు చెప్పక్కర్లేదు.

భూగర్భజలాన్ని శుభ్రం చేయడం సంపు కడిగినంత తేలిక కాదు. ట్రైక్లోరోఎథిలీన్ లాంటి ద్రావకాలు నీటికన్నా బరువైనవి. రాతి పగుళ్లలోకి దిగి, కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. నీటిని తోడి శుద్ధి చేయడం, పాడైన మట్టిని తవ్వి తీయడం, సూక్ష్మజీవులతో రసాయనాలను విరగ్గొట్టించడం.. ఇలా పద్ధతులున్నాయి. చాలాచోట్ల ఏళ్లు పడుతుంది. పైన అపార్టుమెంట్లు లేచాక మరీ కష్టం.

ట్రైక్లోరోఎథిలీన్‌తో కిడ్నీ క్యాన్సర్ వస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రంగు, రుచి చూసి వీటిని కనిపెట్టలేం. టీడీఎస్ మీటరూ పట్టుకోలేదు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయే తప్ప సీసం, ఆర్సెనిక్ పోవు.

కలుషిత స్థలాలను గుర్తించి, పాడుచేసినవారి ఖర్చుతోనే బాగుచేయించాలని కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. మంచిదే. అయితే అవి కాగితాల మీదే మిగలకూడదంటే ముందు మట్టినీ నీటినీ పరీక్షించాలి. ఆ నివేదికను అందరికీ అందుబాటులో ఉంచాలి. శుభ్రం చేశాకే ఇళ్లకు అనుమతివ్వాలి. ఈ వరస తప్పితే ఆ బిల్లు కట్టేది మన పిల్లల ఆరోగ్యమే.

కొనేముందు లింకు డాక్యుమెంట్లు, ఈసీ తిరగేస్తాం కదా! అలాగే అక్కడ ఇంతకుముందు ఏ ఫ్యాక్టరీ ఉండేదో బిల్డర్‌ను అడగండి. మట్టి, నీటి పరీక్షల నివేదిక చూపించమనండి. బోరు ఉంటే గుర్తింపు పొందిన ల్యాబ్‌లో భారలోహాలకు, ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలకు ప్రత్యేకంగా పరీక్ష చేయించండి. మామూలు నీటి పరీక్షలో ఇవన్నీ ఉండవు. నివేదిక చూపించడానికి బిల్డర్ తటపటాయిస్తే, అడ్వాన్సు ఇవ్వడానికి మీరూ తొందరపడకండి.