మన కలివికోడిని మనమెప్పుడు చూస్తాం?

వారమంతా సైట్‌లో సిమెంటు దుమ్ము మింగినవాడికి ఆదివారం ఒక్కటే పండగ. మనవాళ్లలో చాలామంది పొద్దున్నే లిటిల్ ఇండియా దారి పడతారు. పెరుమాళ్ గుడి, ఇంటికి డబ్బు పంపడం, టెక్కాలో కూరగాయలు, తెలిసినవాళ్లతో నాలుగు కబుర్లు.. సాయంత్రానికి మళ్లీ డార్మిటరీ. పదేళ్లుగా నేనూ అంతే. పాసిర్ రిస్‌లో ఫ్లాట్లు కట్టే సైట్‌కి మారాక ఒక ఆదివారం ఎందుకో అటు వెళ్లబుద్ధి కాలేదు. ఎంఆర్‌టీ స్టేషన్ దగ్గర్నుంచి నడుచుకుంటూ సముద్రం ఒడ్డున ఉన్న పార్కుకి పోయాను.

అక్కడొక వింత చూశాను. పెద్ద చెట్టు కింద ఇరవై మంది దాకా గుమిగూడి ఉన్నారు. మేం లెవెల్ చూసుకునే పరికరానికి వాడే స్టాండ్ల లాంటివి, వాటి మీద చెయ్యంత పొడుగు లెన్సులు. అందరూ తలలు పైకెత్తి, నోరు మెదపకుండా నిలబడ్డారు. సినిమా షూటింగేమో అనుకున్నా. తీరా చూస్తే గుడ్లగూబ! కొమ్మ మీద కూర్చుని హాయిగా కునుకు తీస్తోంది.

నాకు నవ్వొచ్చింది. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టమని మా ఊళ్లో రాళ్లు పెట్టి తరుముతాం. ఇక్కడేమో దానికి దేవుడి దర్శనం లాగా క్యూ!

పక్కనున్న ఒక చైనీస్ అంకుల్ నా మొహం చూసి ఏమనుకున్నాడో, తన బైనాక్యులర్స్ నా చేతిలో పెట్టి "చూడు బ్రదర్" అన్నాడు. చూశాను. నారింజ కలిసిన గోధుమరంగు మొహం, పొట్ట మీద సన్నటి అడ్డచారలు, వీపు మీద తెల్లటి మచ్చలు. సింగపూర్‌లో ఇది అరుదైన జాతి అట. తను చూసిన పక్షులన్నిటి పేర్లూ రిటైరయ్యాక ఆయన ఒక పుస్తకంలో రాసుకుంటున్నాడు. కొత్త పక్షి ఒక్కటి కనబడితే చాలు, వాళ్లకది లాటరీ తగిలినట్టే.

"నీదేవూరు?" అని అడిగాడు. ఆంధ్రా అన్నాను. ఆంధ్రాలో ఎక్కడన్నాడు. ఆయనకేం తెలుస్తుందిలే అనుకుంటూనే కడప జిల్లా అని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "కడపా! జెర్డన్స్ కోర్సర్ ఉండే చోటు కదా! నువ్వు చూశావా?"

నిజం చెప్తున్నా, ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. బద్వేలు దగ్గర పుట్టి పెరిగి, డిప్లొమా చదివి, పదిమందికి పని చెప్పే స్థితికి వచ్చినవాణ్ని. మా జిల్లా పేరు చెప్తే సముద్రం ఇవతలున్న ముసలాయన ఒక పక్షి పేరు చెప్పాడు. నేను తల దించుకున్నా.

రాత్రి మా నాయనకి ఫోన్ చేసి అడిగాను. ఆ ఇంగ్లీషు పేరు ఆయనకీ తెలియలేదు. రాత్రిపూట తిరిగే పిట్ట, కంపల్లో పరుగెత్తుతుందంట అని చెప్పేసరికి "ఓ, కలివికోడా! లంకమల వైపు ఉంటుందంటారు. మేమూ చూడ్లేదబ్బా" అన్నాడు.

అప్పట్నుంచి దాని కథ వెతికి చదివాను. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే దొర, సైన్యంలో డాక్టరు, ఈ పక్షిని మొదట లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మాత్రం వదల్లేదు. బొమ్మలు పట్టుకుని ఊళ్లు తిరిగి, ఇలాంటిది ఎక్కడన్నా చూశారా అని జనాన్ని అడిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాన్ని పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఐతన్న అనే మామూలు వేటగాడు. రాత్రిపూట టార్చి వెలుగులో దొరికింది. ఎనభై ఆరేళ్లు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు చిక్కని పక్షి, కంపల్లో దారి తెలిసిన మనిషికి చిక్కింది!

అది జానెడు కంటే కాస్త పెద్ద పిట్ట. పెద్ద కళ్లు, ఛాతీ మీద రెండు పట్టీలు. పగలంతా పొదల్లో దాక్కుని రాత్రి మేతకు తిరుగుతుంది. మధ్యమధ్య ఖాళీ నేల ఉండే ముళ్లపొదల అడవి దానికి కావాలి. మరీ దట్టంగా ఉన్నా పనికిరాదు, మరీ బోడిగా ఉన్నా పనికిరాదు. దానికోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల మీదికి వస్తే గొడవ కోర్టు దాకా పోయింది. అంతా చేసినా అది కనబడటం మహా అరుదు. అందుకే ప్రపంచంలోని పక్షి ప్రేమికులందరి నోట్లో ఆ పేరు నానుతోంది. మన నోట్లో తప్ప!

సైట్‌లో మా కుర్రాళ్లకి ఇదంతా చెప్తే "అన్నా, అవి డబ్బున్నోళ్ల సరదాలు, మనకెందుకు" అన్నారు. అందులో కొంత నిజముంది. అమెరికాలో ఫీబీ స్నెట్సింగర్ అనే ఆవిడ ఉండేది. 1981లో క్యాన్సర్ అని, ఏడాది కూడా బతకవని డాక్టర్లు చెప్తే, మంచం ఎక్కకుండా పక్షుల కోసం దేశదేశాలు తిరిగింది. ప్రపంచంలో ఉన్నవే సుమారు 11 వేల జాతులు. అందులో 8 వేలకు పైగా చూసిన మొదటి మనిషి ఆవిడే. చివరికి 1999లో మడగాస్కర్‌లో పక్షుల కోసం వెళ్తూనే వ్యాన్ ప్రమాదంలో పోయింది. అట్లా తిరగడం మన జీతాలతో అయ్యే పని కాదు, నిజమే. పక్షులు చూసేవాళ్లంతా దేవుళ్లనీ నేననడం లేదు. ఫొటో కోసం ఎర వేసేవాళ్లూ, గూడు దాకా పోయి బెదరగొట్టేవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

కానీ ఐతన్న దగ్గర ఏ లెన్సు ఉంది? నేల తెలుసు, పొద తెలుసు, చప్పుడు తెలుసు. మనమంతా అట్లాంటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లమే. ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో చిన్నప్పుడు మనకు తెలుసు. దాన్ని మనమే చిన్నచూపు చూసి మర్చిపోయాం. ఇక్కడివాళ్లేమో అదే తెలుసుకోవడానికి వేలకు వేలు పోస్తున్నారు.

పాసిర్ రిస్ ఒడ్డున నిలబడితే ఎదురుగా పులావ్ ఉబిన్ దీవి కనిపిస్తుంది. పాట బాగుంటుందని పంజరాల కోసం పట్టి పట్టి, చుట్టుపక్కల దేశాల్లో చాలాచోట్ల లేకుండా చేసిన ఒక జాతి పిగిలిపిట్ట ఆ దీవిలో ఇంకా పాడుతోంది. ముక్కు మీద కొమ్ములాంటి డిప్ప ఉండే హార్న్‌బిల్ పక్షి సింగపూర్‌లో 19వ శతాబ్దంలోనే మాయమైంది. 1994లో ఒక జంట మళ్లీ ఉబిన్‌లో కనిపించింది. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, ద్వారం మూసుకుని గుడ్లు పొదుగుతుంది. మగది చిన్న సందులోంచి మేత అందిస్తుంది. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో పెట్టి ఇక్కడ సంపాదించి పంపేవాడికి ఆ మగపక్షి కష్టం వేరే చెప్పాలా! అంత పెద్ద తొర్రలున్న చెట్లు ఇక్కడ తక్కువ. అందుకని 2004 నుంచి పెట్టెల్లాంటి గూళ్లు చేసి పెట్టారు. ఇప్పుడా పక్షులు వంద దాటాయి. పాసిర్ రిస్‌లో నా నెత్తిమీదుగానే ఎగిరిపోతుంటాయి.

ఈ దేశం కట్టడాలు ఆపేసి ఏమీ ఈ పని చెయ్యలేదు. కట్టేది మనమే కదా, మనకు తెలుసు. మా సైట్‌లో ఉంచాల్సిన చెట్లకు చుట్టూ కంచె వేసి ఉంది. ఎక్స్‌కవేటర్ ఆ గీత దాటకూడదని పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో నేనే చెప్తాను. దాటితే ముందు మాట పడేది నేనే.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట ఇక్కడ కూడబెట్టిన డబ్బుతో మా వైపు కొండవార రెండెకరాలు కొన్నాను. "వట్టి కంప భూమి, ప్రొక్లెయిన్ పెడితే రెండ్రోజుల్లో చదునైపోతుంది" అన్నాడు తమ్ముడు. పెట్టించమన్నా. వీడియో పంపితే ఆ ఎర్రటి నేల చూసుకుని మురిసిపోయి, రూమ్‌లో అందరికీ చూపించా. అక్కడ కలివికోడి ఉండేదని నేననడం లేదు. అసలు ఏముండేదో ఒక్కసారైనా అడిగానా? అదీ నా బాధ. ఇక్కడ పరాయి దేశంలో ఒక్క చెట్టు కోసం గీత గీసి కాపలా కాసేవాణ్ని, సొంత ఊళ్లో ఒక్క గీత కూడా గీయలేదు.

మనం పంపే డబ్బు మన ఊళ్ల రూపు మారుస్తోంది. ప్లాట్లు, తోటలు, వెంచర్లు.. వద్దనడానికి నేనెవర్ని? నేనూ అందుకోసమే కదా వచ్చింది. కానీ "పనికిరాని కంప" అనే మాట విన్నప్పుడు ఒక్క నిమిషం ఆగండి. అది ఎవరికి పనికిరాదు? కొనేముందు ఊళ్లో గొర్రెలు కాసేవాణ్ని పిలిచి, అక్కడ ఏం తిరుగుతాయో అడగండి. కొన్నా, గట్టు వెంబడి కొంత పొద వదిలెయ్యమని చెప్పండి. ఒక్క ఫోన్ చాలు.

ఇంకోటి. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం పాసిర్ రిస్ రండి. పార్కుకి టికెట్ లేదు. మడ అడవిలో చెక్క దారి ఉంది, నడవండి. అంకుల్స్ ఎవరైనా కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి, చూపిస్తారు. తర్వాత ఇంటికి ఫోన్ చేసి పిల్లలకి చెప్పండి. నేను మా పాపకి కలివికోడి బొమ్మ పంపాను. "నాయనా, ఇది మన ఊరిదా? నువ్వొచ్చినప్పుడు చూపిస్తావా?" అనడిగింది.

చూపిస్తానని చెప్పాలంటే నోరు రాలేదు.

– ఒక సైట్ సూపర్‌వైజర్, పాసిర్ రిస్, సింగపూర్